గండికోట తొలి వానను అత్తరుగా తీయడం సాధ్యమేనా?

పెన్నఒడ్డు (కర్నూలు) · జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఇంటి దగ్గరే సబ్బులు, సాంబ్రాణి కడ్డీలు చేసి అమ్ముతాను. పుట్టిల్లు జమ్మలమడుగు పక్కన ఒక పల్లె. మే చివరి వారంలో అమ్మను తీసుకుని గండికోట వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు లోయ అంచున రాళ్ల మీద చెయ్యి పెట్టలేకపోయాము. అంతలో గాలి లేచింది, రూపాయి బిళ్లలంత చినుకులు పడ్డాయి. పది నిమిషాలు కురిసి ఆగిపోయింది.

ఆ పది నిమిషాల వాసన ఇంకా నా ముక్కును వదల్లేదు. మట్టి వాసన అని ఒక్క మాటతో తేల్చలేను. మొదట కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినప్పటి ఆవిరి. ఆ వెనక ఎండు గడ్డి, నలిపిన ఆకు. చివరకు మాధవరాయస్వామి గుడి గోపురం కిందికి పరుగెత్తి నిలబడితే పాత రాతి చల్లదనం, దాంతో పాటు గబ్బిలాల వాసన. అమ్మ మాత్రం "మన ఊరి వాసన" అని ఊరుకుంది.

తొలి వాన పేరుతో అమ్మే సుగంధ తైలాలు మూడు తెప్పించి చూశాను. ఒకటి కోసిన దోసకాయలా ఉంది, ఒకటి బట్టల సబ్బులా ఉంది, మూడోది చలిదేశపు పచ్చిక వాసన. వాటిని చేసినవాళ్లు చూసిన వాన వేరు. మే నెలలో మన రాతి మీద పడే వాన వేరు. మన వానను పది మిల్లీలీటర్ల సీసాలోకి తేవాలని ఉంది. అమ్మకానికి తరువాత సంగతి, ముందు అమ్మ కోసం. తెలిసినవాళ్లు దారి చూపించండి.

ఎర్రమల_మాష్టారు (ప్రొద్దుటూరు) · జూన్ 2, రాత్రి 10:55

అమ్మా, మంచి పని తలపెట్టారు. నేను భూగర్భ శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. అత్తరు సంగతి తెలియదు కానీ రాయి సంగతి చెప్పగలను.

గండికోటను ఎర్ర గ్రానైటు లోయ అని చాలాచోట్ల రాస్తుంటారు. అది గ్రానైటు కాదు, క్వార్ట్‌జైటు. శాస్త్ర గ్రంథాల్లో ఆ పొర పేరే గండికోట క్వార్ట్‌జైటు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన నాటి మాట అది. అప్పుడు నీటి అడుగున పరుచుకున్న ఇసుక కాలక్రమంలో గట్టిపడి రాయి అయింది. ఎరుపు ఇనుము తుప్పుది. పెన్న దాన్ని కోసుకుంటూ పోయి సుమారు 300 అడుగుల గండి చేసింది. కోటకు పేరు వచ్చింది ఆ గండి వల్లే.

ఇదంతా మీ అత్తరుకు ఎందుకంటే, రాయికి సొంత వాసన లేదు. 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎండిన మన్నునూ రాళ్లనూ ఆవిరి పట్టి బట్టీ తీశారు. పసుపుపచ్చని నూనె వచ్చింది, వాన వాసన దానిదే. చెట్లూ గడ్డీ విడిచిన తైలాలు ఎండాకాలమంతా గాలిలోంచి మన్నులోకీ రాతి రంధ్రాల్లోకీ చేరి దాగి ఉంటాయి. నీళ్లు తగలగానే బయటపడతాయి. దానికి వాళ్లు పెట్రికోర్ అని పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఇకోర్ అంటే దేవతల ఒంట్లో పారే రక్తం. ఎండ ఎన్నాళ్లు కాస్తే వాసన అంత చిక్కబడుతుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో తొలి చినుకుకు వీధి వీధంతా గుమ్మాల్లోకి ఎందుకు వస్తుందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

క్వార్ట్‌జైటు బిగువైన రాయి, రంధ్రాలు తక్కువ. మీకు తగిలిన వాసనలో ఎక్కువ పాలు రాతి సందుల్లో చిక్కిన మన్నుదీ, దాన్ని పట్టుకున్న గడ్డిదీ అయి ఉంటుంది. మీ వెతుకులాట రాతి దగ్గర కాకుండా ఆ సందుల దగ్గర మొదలుపెట్టండి.

నల్లరేగడి (ఆదోని) · జూన్ 3, ఉదయం 6:10

మాష్టారూ, మన్ను అంటే ఏ మన్ను? మా నల్లరేగడికీ అనంతపురం ఎర్రనేలకూ వాసనలో పోలికే లేదు. ఎర్రనేల వాసన చురుక్కుమంటూ పైకి లేస్తుంది, త్వరగా పోతుంది. రేగడి వేసవిలో కాలు దిగబడేంత బీటలు వారుతుంది. మొదటి వాన నీళ్లు ఆ బీటల్లోకి దిగి లోపలి నుంచి వాసనను తోస్తాయి. బరువుగా, చెరువు అడుగులా ఉంటుంది. పొద్దు గుంకేదాకా ఉంటుంది. అక్క గండికోట వాసన అడుగుతున్నారు కనుక రేగడి జోలికి వెళ్లవద్దు.

సీమబిడ్డ (రాజంపేట) · జూన్ 3, ఉదయం 8:25

కడప అనగానే ఎర్రచందనం గుర్తుకు రావాలి. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు మన కొండల్లో ఉంది. ఈ అత్తరులో ఎర్రచందనం తప్పకుండా ఉండాలని నా కోరిక.

కస్తూరితుమ్మ (అనంతపురం) · జూన్ 3, మధ్యాహ్నం 1:15

సీమబిడ్డ గారూ, మీ అభిమానం నాకూ ఉంది. కానీ ఎర్రచందనానికి వాసన లేదు. పేరులో చందనం ఉండటంతో అందరూ పొరబడతారు. శ్రీగంధం ఒక కుటుంబం చెట్టు, ఎర్రచందనం వేరే కుటుంబం. ఇది చిక్కుడు, కానుగల బంధువు. దాని చేవలో ఉన్నది శాంటలిన్ అనే ఎర్ర రంగు. రంగుకూ, వాద్యాలకూ, మందుకూ దాన్ని కోరుకుంటారు కానీ బట్టీ పెడితే పరిమళం రాదు. పైగా 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న చెట్టు. సీసా మీద దాని పేరు రాయడం కొనేవాళ్లను మోసం చేయడమే అవుతుంది. అమ్మ కోసం చేస్తున్నదానిలో అబద్ధం ఎందుకు?

మన ఎండు కొండల్లో నిజంగా వాసన ఉన్నవి చెబుతాను.

కస్తూరి తుమ్మ. నా పేరు అదే పెట్టుకున్నాను. ముళ్ల పొద, చలికాలంలో చిన్న పసుపు బంతుల్లాంటి పూలు. దక్షిణ ఫ్రాన్సులో గ్రాస్ పట్టణం చుట్టుపక్కల దీన్ని తోటలుగా పెంచి పూల సారం తీశారు. అక్కడి పరిమళ పరిశ్రమలో దాని పేరు కాసీ. ఒక్క పొద పూస్తే దారిన పోయేవాళ్లు తల తిప్పి చూస్తారు. మేకల కాపరులకు తప్ప మనలో ఎందరికి తెలుసు?

కొండసాంబ్రాణి చెట్టు శేషాచలం, నల్లమలల్లో ఉంటుంది. దాని బంక ధూపం పరమాద్భుతం. కానీ దయచేసి దాని జోలికి వెళ్లకండి. అరుదైన చెట్టు, బంక కోసం గాట్లు పెట్టి ఇప్పటికే చాలా చెట్లను చంపారు.

ఇక అక్కకు తగిలిన నలిపిన ఆకు వాసన నిమ్మగడ్డి జాతికి చెందిన అడవి గడ్డిదని నా అనుమానం. గండికోట గుట్టల మీద గుబుర్లుగా ఉంటుంది. మేలో పూర్తిగా ఎండినా తుంచి నలిపితే నిమ్మ, అల్లం కలిసినట్టు ఘాటుగా వస్తుంది.

సీమబిడ్డ (రాజంపేట) · జూన్ 3, మధ్యాహ్నం 2:02

ఎర్రచందనం అడవి అంచున పుట్టి పెరిగాను, ఆ చెక్కను ఎప్పుడూ వాసన చూడలేదు. చెప్పినందుకు కృతజ్ఞతలు.

సుగంధ_బట్టీ (కడప) · జూన్ 4, రాత్రి 11:20

ఈ చర్చ ఈ రోజే చూశాను. నేను ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకు పేరుపడ్డ కనౌజ్‌లో రెండేళ్లు ఒక అత్తరు బట్టీలో పని నేర్చుకున్నాను. ఇప్పుడు కడపలో ఇరవై లీటర్ల చిన్న రాగి బట్టీ పెట్టుకుని మరువం, వట్టివేరు తీస్తుంటాను. అక్కా, మీరు అడిగిన వస్తువు మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు మిట్టీ అత్తరు. మాష్టారు చెప్పిన ఆ 1964 వ్యాసంలో కూడా ఆ ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మన ఉత్తరప్రదేశ్ వాళ్లు మట్టి వాసనను గంధపు నూనెలో పట్టడాన్ని ప్రస్తావించారు. వాళ్లు పేరు పెట్టకముందే మనవాళ్లు సీసాలో పోసి అమ్మారు.

చేసే విధానం ఇది. ఎండిన చెరువు మట్టితో కుమ్మరులు బిళ్లలో, చిన్న పాత్రలో చేసి తేలికగా కాలుస్తారు. వాటిని డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లతో వేసి, మూత చుట్టూ మట్టితో మెత్తి మూసేస్తారు. కింద కట్టెలు, పిడకలు. ఆవిరి చోంగా అనే వెదురు గొట్టం గుండా పోయి భప్కా అనే రాగి కూజాలోకి దిగుతుంది. భప్కా చల్లని నీళ్ల తొట్టిలో కూర్చుని ఉంటుంది, దానిలో ముందే శ్రీగంధం నూనె పోసి ఉంచుతారు. ఆవిరి చల్లబడి నీరవుతుంది, వాసన నూనెలో చిక్కుకుంటుంది. రాత్రి నిలవ ఉంచి, అడుగున చేరిన నీటిని తీసేసి, మరునాడు కొత్త మట్టితో మళ్లీ. ఇలా పది పదిహేను రోజులు. ఒక్క రోజులో తీసింది అత్తరు కాదు, తడిసిన గంధం మాత్రమే. చివరికి కుప్పీ అనే తోలు సీసాలో ఉంచితే మిగిలిన తేమ తోలు గుండా పోయి అత్తరు స్థిరపడుతుంది.

పనిలో అన్నిటికంటే కష్టం మంట. గడియారం, ఉష్ణమాపకం ఏవీ ఉండవు. నాకు నేర్పిన పెద్దాయన భప్కా మీద అరచేయి ఆనించి, తొట్టి నీళ్లలో వేలు ముంచి, ఆవిరి చప్పుడు విని మంట తగ్గించమనేవారు. నాకు ఆ చెవి రావడానికి ఒక ఏడాది పట్టింది.

గంధం నూనె ఖరీదు భరించలేక ఇప్పుడు చాలామంది పారాఫిన్ నూనెలో తీస్తున్నారు. వాసన వస్తుంది, కానీ ఒంటి మీద నిలవదు. మన అత్తరులో ఆ పని చేయవద్దు. ముప్పై మిల్లీలీటర్ల గంధం నూనె మీరు సమకూరిస్తే, బట్టీ నాది, కట్టెలు నావి.

పెన్నఒడ్డు (కర్నూలు) · జూన్ 5, ఉదయం 5:50

అన్నా, రాత్రంతా మీ మాటలే చదువుకున్నాను. గంధం నూనె నేను తెస్తాను. మట్టి గండికోట నుంచి తేవాలా? అది రక్షిత కట్టడం, అక్కడ తవ్వడం నాకు ఇష్టం లేదు.

సుగంధ_బట్టీ (కడప) · జూన్ 5, ఉదయం 7:30

కోటలో పిడికెడు కూడా ముట్టుకోవద్దు. కానీ మట్టి కంటే ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. మీరు రాతి ఆవిరి, గడ్డి, గుడి, గబ్బిలాలు అన్నీ చెప్పారు. అన్నీ ఒకే సీసాలో పోస్తే ఏదీ మిగలదు. ఫ్రాన్సులో ఎర్మెస్ సంస్థకు జాన్ క్లోద్ ఎలెనా అనే పరిమళకర్త నైలు నది ఒడ్డును తలపించేలా ఒక పరిమళం చేశాడు, 2005లో వచ్చింది. ఈజిప్టులోని అస్వాన్ వెళ్లి నది, పడవలు, తామరలు, సుగంధ ద్రవ్యాల బజారు అన్నీ చూశాడు. చివరకు పట్టుకున్నది మాత్రం ఒడ్డున చెట్లకు వేలాడే పచ్చి మామిడికాయ వాసన. దాని చుట్టూ మిగతావి అల్లాడు. 2008లో మన కేరళ వానాకాలం మీద కూడా ఒకటి చేశాడు, అందులో అల్లం, ఏలకులు, మిరియాలు ఉన్నాయి, మల్లెపూలు లేవు. ప్రదేశం పెద్దది, ముక్కు పట్టుకునేది ఒక్కటి. కళ్లు మూసుకుంటే మీకు ముందు ఏది వస్తుంది?

పెన్నఒడ్డు (కర్నూలు) · జూన్ 5, ఉదయం 7:48

కాలిన రాతి మీద నీళ్లు.

వేరుశనగ_చేను (రాప్తాడు) · జూన్ 5, రాత్రి 8:15

నాకు ఒక అభ్యంతరం ఉంది, తప్పుగా అనుకోవద్దు. సీమ అనగానే తొలి వాన అంటారు. మా ఊళ్లో ఆ వాసన ఏడాదికి పట్టుమని పది రోజులు ఉండదు. మిగతా రోజులన్నీ మేము ఉన్నది ఎండలోనే. ఎండకు కూడా వాసన ఉంది. పీకిన వేరుశనగ చెట్లు వామి వేసినప్పటి ఆకు, కాయ, మన్ను కలిసిన వాసన. వేప పూత రాలిన వాకిలి. వేడి గాలిలో పొడి పేడ. వానను మాత్రమే పట్టుకుంటే మా పది నెలలు లేనట్టే కదా. ఎవరో వచ్చి నాలుగు చినుకులు చూసి మురిసిపోయినట్టు ఉంటుంది.

ఎర్రమల_మాష్టారు (ప్రొద్దుటూరు) · జూన్ 5, రాత్రి 9:05

నాయనా, నీ మాటలో న్యాయం ఉంది. కానీ శాస్త్రం చెప్పేది కూడా నీ మాటే. వాన వాసన అంటే వాన వాసన కాదు. పది నెలల ఎండ, వేప, గడ్డి, పేడ, అన్నీ మన్నులో చేరి దాగినదే ఆ పది నిమిషాల్లో బయటికి వస్తుంది. నీ పది నెలలు లేకపోతే ఆ వాసనే లేదు.

వేరుశనగ_చేను (రాప్తాడు) · జూన్ 5, రాత్రి 9:30

అలా చెబితే ఒప్పుకుంటాను మాష్టారూ. అయితే వాన కోసం ఆగనక్కరలేని చోటు ఒకటి ఉంది. వేసవిలో సాయంత్రం ఆరు గంటలకు మా అమ్మ వాకిట్లో నాపరాళ్ల మీద రెండు బిందెల నీళ్లు కుమ్మరించేది, రాత్రి మంచాలు వేసుకోవాలని. పగలంతా కాలిన రాయి బుస్సుమనేది. అక్క చెప్పిన వాసన అదే. మేము రోజూ దానిలోనే పడుకున్నాం.

పెన్నఒడ్డు (కర్నూలు) · జూన్ 5, రాత్రి 9:34

మా ఇంట్లో కూడా! అమ్మ "మన ఊరి వాసన" అన్నది దీన్నే. గండికోటలో నిలబడి ఆమెకు గుర్తుకు వచ్చింది వాకిలి.

దూరదేశం (కువైట్) · జూన్ 6, రాత్రి 1:10

నమస్కారం. చాలా ఏళ్లుగా చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది గండికోట జలాశయం కింద మునిగిపోయిన ఊళ్లలో ఒకటి. కువైట్‌కు వచ్చి పద్నాలుగేళ్లు. ఇక్కడ ప్రతి బజారులోనూ అత్తరు దుకాణాలే, అగరు చెక్క కాల్చి అతిథికి పొగ వేస్తారు, ఊద్ నూనె చుక్క మణికట్టుకు రాస్తారు. అన్నీ మంచివే. ఒక్కసారి కూడా ఇంటి వాసన రాలేదు.

నేను సెలవు మీద వచ్చేసరికి ఊరు లేదు, నీళ్లు ఉన్నాయి. ఎండినప్పటి వాసన వేరు, నీళ్ల అడుగున ఉన్న మట్టి వాసన వేరు. అది ఇక ఎండదు. మా అక్క పునరావాస కాలనీలో ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మా నాయనమ్మ వాడిన కడవలు, గింజలు పోసుకున్న బానలు వదలలేక తెచ్చుకుంది. సగం పగిలాయి. పెంకులు గోడ పక్కన కుప్పగా ఉన్నాయి, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ. ఆ మట్టి మా ఊరి చెరువుది, కాల్చింది మా ఊరి కుమ్మరి. అవి పనికి వస్తాయా?

సుగంధ_బట్టీ (కడప) · జూన్ 6, ఉదయం 5:20

అన్నా, అంతకంటే పనికొచ్చేది ఇంకేదీ లేదు. తేలికగా కాలిన పెంకు రంధ్రాలు తెరుచుకుని ఉంటుంది, ఏళ్ల తరబడి గాలిలోని వాసనలు పీల్చుకుని ఉంటుంది. కనౌజ్‌లో కొత్తగా చేసి కాల్చేది మీ అక్క గోడ పక్కన ఇప్పటికే ఉంది. నాలుగు కిలోలు చాలు. నేనే వెళ్లి తెచ్చుకుంటాను. ఒక్క మాట, నూనె, నెయ్యి, పులుసు ముట్టిన పెంకులు వేరు చేయమని చెప్పండి.

నల్లరేగడి (ఆదోని) · జూన్ 6, ఉదయం 6:30

పులుసు ఎందుకు పనికిరాదు?

కస్తూరితుమ్మ (అనంతపురం) · జూన్ 6, ఉదయం 10:40

నేను చెబుతాను. పెట్రికోర్‌లో మాష్టారు చెప్పిన తైలాలతో పాటు జియోస్మిన్ అనే పదార్థం ఉంటుంది. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల పాళ్ల నీటిలో ఐదు పాళ్లు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. చెరువు చేపలో బురద వాసన, బీట్‌రూటులో మట్టి వాసన కూడా దీనివే. దీనికి పులుపు పడదు, ఆమ్లం తగిలితే వాసన లేని మరో పదార్థంగా మారిపోతుంది. చెరువు చేపకు చింతపండు పులుసు పెట్టే మన వంట వెనక ఉన్నది ఇదే.

ఇంకో సంగతి. జోరు వానకు వాసన తక్కువ, చినుకులకు ఎక్కువ ఎందుకని మా అబ్బాయి అడిగాడు. 2015లో అమెరికాలో మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వాళ్లు దీన్ని వేగంగా తీసే కెమెరాలతో చూశారు. చినుకు మట్టిని తాకగానే రంధ్రాల్లోని గాలి చిన్న చిన్న బుడగలుగా పైకి వచ్చి, సోడా నురగలా పగిలి, సన్నని తుంపరలను గాలిలోకి విసురుతుంది. వాసన ఆ తుంపరల మీద ఎక్కి వస్తుంది. వాన జోరైతే బుడగలు లేవడానికి సందు ఉండదు.

సుగంధ_బట్టీ (కడప) · జూన్ 19, రాత్రి 10:00

పదకొండు రోజులు బట్టీ నడిచింది. వివరంగా రాస్తాను, అందరూ అడుగుతున్నారు.

మొదటి రోజు గంధం నూనె పెట్టలేదు. ఉత్త నీళ్లతో అరగంట తీసి చూశాను. చెడ్డ వాసన, మాగిన నెయ్యి. వేరు చేసినా ఏదో ఒక వెన్న చట్టి పెంకు కలిసిపోయింది. అన్నిటినీ ఒక్కొక్కటిగా నిప్పుల మీద వేడిచేసి, ముక్కుతో చూసి, మూడు పెంకులు తీసేశాను. ఆ పరీక్ష చేయకుండా ఉంటే ముప్పై మిల్లీలీటర్ల గంధం పాడయ్యేది.

నాలుగో రోజు వరకు భప్కాలో గంధం తప్ప ఏమీ లేదు. అయిదో రోజు ఉదయం మూత తీస్తే గంధం వెనక ఏదో తడి. ఎనిమిదో రోజుకు తడి ముందుకు వచ్చింది, గంధం వెనక్కి తగ్గింది. పదకొండో రోజు ఆపేశాను, ఇంకా లాగితే అడుగు మాడిన వాసన వస్తుందని భయం వేసింది. తోలు కుప్పీ నా దగ్గర లేదు, గాజు సీసాలో పోసి మూతికి గుడ్డ కట్టి మూడు రోజులు ఉంచాను.

పెన్నఒడ్డు (కర్నూలు) · జూన్ 22, మధ్యాహ్నం 3:30

సీసా చేరింది. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని రెండు గంటలు ఏ పనీ చేయలేదు. మొదటి నిమిషం పెంకు మీద నీళ్లు పోసినట్టే. కర్నూలులో మూడో అంతస్తులో కూర్చుని మా వాకిట్లో ఉన్నాను. పదిహేను నిమిషాలకు పొడి మన్ను. గంట దాటాక గంధం మెల్లగా పైకి వస్తుంది, అక్కడ నాకు కొంచెం దేవుడి గది అయిపోయింది.

ఒక లోటు ఉంది. ఆ మొదటి వేడి లేదు. తడి వచ్చింది కానీ కాలిన రాయి రాలేదు. అడవి గడ్డి నూనె ఒక్క చుక్కలో పదో వంతు కలిపితే ఆ చురుకు వస్తుందేమో చూస్తాను.

అత్తరుకొట్టు (కడప) · జూన్ 22, సాయంత్రం 6:15

మాది మూడు తరాల అత్తరు వ్యాపారం. పెద్ద దర్గా ఉరుసుకు గంధం కొనడానికి వచ్చేవాళ్లను చూస్తూ పెరిగాను. బట్టీ అన్న నాకు కూడా రెండు చుక్కలు ఇచ్చాడు. సరుకు నిజమైనది, అందులో మాటే లేదు. నా సలహా వేరు. గడ్డి వద్దు, వట్టివేరు కలపండి. రాగి బట్టీలో తీసిన వట్టివేరు అత్తరు ఆకుపచ్చగా ఉంటుంది, దానికీ మట్టికీ పుట్టుకతో స్నేహం, రెండూ నేల లోపలివే. గడ్డి నూనె పది నిమిషాల్లో ఎగిరిపోతుంది. వట్టివేరు రాత్రి దాకా పట్టుకుంటుంది.

పెన్నఒడ్డు (కర్నూలు) · జూన్ 22, సాయంత్రం 7:00

బాబాయ్, మీ అనుభవం ముందు నేనెంత. కానీ వట్టివేరు అనగానే నాకు కిటికీకి కట్టి నీళ్లు చల్లిన తడికెలే గుర్తుకు వస్తాయి. అది ఎండ నుంచి దాక్కున్న ఇంటి వాసన. మేము ఎండలో ఉన్నవాళ్లం. పది నిమిషాల్లో ఎగిరిపోతే ఎగిరిపోనివ్వండి, గండికోటలో కూడా పది నిమిషాలే కురిసింది.

అత్తరుకొట్టు (కడప) · జూన్ 22, సాయంత్రం 7:20

అలాగేనమ్మా. ముక్కు నీది, వాకిలి నీది. వట్టివేరు కలిపింది ఒక మూడు మిల్లీలీటర్లు నాకు మాత్రం వేరుగా ఉంచు.

దూరదేశం (కువైట్) · జూన్ 30, రాత్రి 12:45

రాయచోటి నుంచి వచ్చిన ఒక తమ్ముడి సంచీలో సీసా నిన్న చేరింది. నేను ఇంకా మూత తీయలేదు. శుక్రవారం సెలవు, ఆ రోజు తీస్తాను.

అక్కకు మాత్రం బట్టీ అన్న ముందే చూపించాడట. ఆమె ఫోనులో చెప్పింది రాస్తున్నాను. చేతికి రాసుకుని చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, "ఇది మన ఇల్లు కాదు, మన కల్లం" అంది. కల్లంలో పేడనీళ్లు చల్లి అలికి ఎండబెట్టాక, వడ్లు పోసే ముందు మళ్లీ నీళ్లు చిలకరించేవాళ్లు, ఆ వాసన అట. గింజల బాన పెంకులు ఎక్కువ పడ్డాయి కాబట్టి అలా వచ్చిందని ఆమె అంటోంది. ఇంటి వాసన కావాలంటే మిద్దె మన్ను ఉండాలట. మా మిద్దె మీద ఏటా వానకు ముందు చౌడు పోసి అణిచేవాళ్లం. తొలి వాన ముందు దాని మీదే కదా పడేది. ఆ చౌడు ఇప్పుడు ఎక్కడ తేవాలి?

సుగంధ_బట్టీ (కడప) · జూన్ 30, ఉదయం 6:00

ఆమె మాట నూటికి నూరు పాళ్లు నిజం. నాకు తట్టలేదు. మట్టి మిద్దె ఎక్కడైనా విప్పుతుంటే పై పొర మన్ను కావాలి, అడుగుది కాదు. చౌడులో ఉప్పు, క్షారం ఉంటాయి. పులుపుకు ఎదురు కాబట్టి జియోస్మిన్‌కు హాని చేయదనుకుంటున్నాను, అయినా ముందు ఉత్త నీళ్లతో తీసి చూస్తాను. వానలు పూర్తిగా పట్టుకోకముందే దొరకాలి.

నల్లరేగడి (ఆదోని) · జూన్ 30, ఉదయం 6:40

మా పెద్దమ్మ వాళ్లు వచ్చే వారం పాత మిద్దె విప్పి స్లాబు వేస్తున్నారు. దాని మీద అరవై ఏళ్ల చౌడు ఉంది. పై పొర రెండు బస్తాలు పక్కన పెట్టించి, తడవకుండా పట్టా కప్పించాను. బట్టీ అన్నా, కడప బస్సుకు వేయిస్తాను, ఏ రోజు దింపుకుంటారో చెప్పండి.

సుగంధ_బట్టీ (కడప) · జూన్ 30, ఉదయం 6:52

గురువారం. తెల్లవారుజామున బస్టాండులో ఉంటాను.

పెన్నఒడ్డు (కర్నూలు) · జూన్ 30, ఉదయం 7:05

ఒక బస్తా నుంచి రెండు దోసిళ్లు కర్నూలులో దింపండి. అమ్మకు చూపించాలి.